అబద్ధంలో కలిసిన నిజం

2019 లోక్‌సభ ఎన్నికలప్పుడు వాట్సాప్‌లో దేశమంతా తిరిగిన ఒక సందేశం 2024లో మళ్లీ బయల్దేరింది. అందులో మూడు మాటలుంటాయి. పోలింగ్ బూత్‌కి వెళ్లాక ఓటరు జాబితాలో మీ పేరు కనిపించకపోతే కంగారు పడొద్దు, ఆధార్ కార్డు చూపించి సెక్షన్ 49ఏ కింద 'ఛాలెంజ్ ఓటు' అడిగి వేయండి అన్నది మొదటిది. మీ ఓటు అప్పటికే ఎవరో వేసేసి ఉంటే 'టెండర్ ఓటు' అడగండి అన్నది రెండోది. ఒక బూత్‌లో టెండర్ ఓట్లు 14 శాతం దాటితే అక్కడ రీపోలింగ్ పెడతారన్నది మూడోది. ఇది ప్రతి ఓటరుకూ తెలియాలి, అన్ని గ్రూపులకూ పంపండి అని చివర్లో ఒక విన్నపం. పంపినవాళ్లలో చాలామంది మంచి మనసుతోనే పంపి ఉంటారు. సాటి మనిషి ఓటు పోకూడదన్న తపనే ఆ సందేశాన్ని అంత దూరం మోసింది.

ఈ సందేశాన్ని విప్పి చూడాలి. ఓటరును తప్పుదోవ పట్టించే మాట ఎలా తయారవుతుందో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి నమూనా నాకు కనిపించలేదు.

టెండర్ ఓటు నిజంగానే ఉంది. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమావళిలో 49పీ అనే నియమం అదే. మీ పేరు మీద ఇంకొకరు దొంగ ఓటు వేసి వెళ్లిపోతే, మీరు ఫలానా ఓటరేనని ప్రిసైడింగ్ అధికారి ముందు రుజువు చేసుకోవాలి. అప్పుడు ఆయన మీకు ఈవీఎం దగ్గరికి వెళ్లే అవకాశం ఇవ్వరు, ఒక కాగితపు బ్యాలెట్ ఇస్తారు. దానిమీద మీరు వేసిన ఓటును విడిగా ఒక కవరులో పెట్టి సీలు వేస్తారు. మామూలు లెక్కింపులో దాన్ని కలపరు. ఫలితం మీద కేసు పడి న్యాయస్థానం అడిగితేనే ఆ కవరుకు పని పడుతుంది. 2018లో వచ్చిన విజయ్ తమిళ సినిమా 'సర్కార్' ఈ నియమం చుట్టూనే తిరుగుతుంది. అది తెలుగులోనూ వచ్చింది కాబట్టి మన ప్రేక్షకుల్లో చాలామంది 49పీ పేరు విన్నది సినిమాహాల్లోనే.

ఛాలెంజ్ కూడా ఉంది. అయితే అది సందేశం చెప్పినదానికి సరిగ్గా తలకిందులు. 49జే నియమం ప్రకారం బూత్‌లో కూర్చున్న పోలింగ్ ఏజెంటు రెండు రూపాయలు డిపాజిట్ కట్టి, "ఈ వచ్చినవారు ఫలానా ఓటరు కాదు" అని అభ్యంతరం చెప్పవచ్చు. ప్రిసైడింగ్ అధికారి అక్కడే విచారిస్తారు. అంటే ఛాలెంజ్ చేసేది ఓటరు కాదు, ఓటరునే ఛాలెంజ్ చేస్తారు. ఇక 49ఏ నియమం ఈవీఎం ఎలా ఉండాలో చెప్పేది. జాబితాలో పేరు లేనివారికి దానితో ఏ సంబంధమూ లేదు. పేరు లేకపోతే ఆధార్ చూపించినా, పాస్‌పోర్టు చూపించినా ఓటు వేయనివ్వరు. 14 శాతం అనే అంకె నియమావళిలో ఎక్కడా లేదు.

ఉన్న నియమం ఒకటి, అర్థం మార్చిన నియమం ఇంకొకటి, పుట్టించిన అంకె మరొకటి. ఈ మూడింటినీ ఒకే స్వరంతో, ఒకే ధీమాతో చెప్పారు. మొదటిది నిజమని ఎక్కడో విన్నవారికి మిగతా రెండూ నిజంగానే తోస్తాయి. దీనివల్ల నష్టమేమిటంటే, పేరుందో లేదో ముందే చూసుకోవాల్సిన మనిషి "లేకపోయినా ఛాలెంజ్ ఓటు ఉందిగా" అనుకుని ఇంట్లో కూర్చుంటాడు. పోలింగ్ రోజున క్యూలో నిలబడి తన వంతు వచ్చాక గానీ సంగతి తెలియదు. అప్పటికి చేయగలిగింది ఏమీ ఉండదు. ఒక్క పార్టీని పొగడకుండా, ఒక్క నాయకుణ్ణి తిట్టకుండా, మేలు చేస్తున్నట్టే కనిపిస్తూ ఓటు పోగొట్టే సందేశం అది.

ఒకటి రెండు ఓట్లు పోతే ఏమవుతుందని అనుకునేవారికి అనకాపల్లి గుర్తు చేయాలి. 1989 లోక్‌సభ ఎన్నికల్లో అక్కడ కొణతాల రామకృష్ణ గెలిచింది 9 ఓట్ల తేడాతో. 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారా అసెంబ్లీ స్థానంలో సి.పి. జోషి ఒకే ఒక్క ఓటుతో ఓడిపోయారు. ఆ ఫలితం మీద పడిన కేసు టెండర్ ఓట్ల మీదే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

పదిమంది చెబితే

మేకను భుజాన వేసుకుని పోతున్న బ్రాహ్మణుడి కథ మనకు పంచతంత్రం ఇచ్చింది. ముగ్గురు మోసగాళ్లు దారిలో తలా ఒకచోట నిలబడి, కుక్కను మోస్తున్నావేమిటని అడుగుతారు. మొదటివాణ్ణి కసురుకున్న మనిషి రెండోవాడి మాటకు అనుమానంలో పడతాడు, మూడోవాడి మాటతో మేకను వదిలేసి పోతాడు. ఆ కథలో ఉన్న మనోధర్మాన్ని 1977లో అమెరికా పరిశోధకులు లిన్ హాషర్, డేవిడ్ గోల్డ్‌స్టీన్, థామస్ టొపినో ప్రయోగశాలలో కొలిచారు. నిజమో కాదో వెంటనే తేల్చుకోలేని వాక్యాలను విద్యార్థులకు రెండేసి వారాల ఎడంతో మూడుసార్లు వినిపించి, ఏది ఎంత నిజమనిపిస్తోందో అడిగారు. కొన్ని వాక్యాలు మూడుసార్లూ వచ్చాయి. వాటిమీద నమ్మకం ప్రతిసారీ పెరిగింది. కొత్త ఆధారమేదీ చూపించలేదు. మళ్లీ వినడమొక్కటే జరిగింది.

తెలియనివారికే ఇలా జరుగుతుందని అనుకోవడం సహజం. లీసా ఫాజియో బృందం 2015లో ప్రచురించిన పరిశోధన ఆ ధీమాను తీసేసింది. స్కాట్లాండ్ మగవాళ్లు కట్టుకునే కుచ్చిళ్ల లంగాను చీర అంటారు అనేలాంటి వాక్యాలు అందులో వాడారు. దాని అసలు పేరు కిల్ట్ అని తెలిసినవారు కూడా, అంతకుముందు ఒకసారి చదివిన తప్పు వాక్యాన్ని చదవనిదానికంటే కాస్త ఎక్కువ నమ్మారు. పరిచయమైన మాట మెదడుకు సులువుగా అందుతుంది. ఆ సులువునే మనసు నిజానికి గుర్తుగా తీసుకుంటుంది. చదువు దీనికి పూర్తి రక్షణ ఇవ్వదు.

ఉదయం కుటుంబ గ్రూపులో, మధ్యాహ్నం ఆఫీసు గ్రూపులో, సాయంత్రం అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకే మాట వస్తే మనకు ముగ్గురు సాక్షులు చెప్పినట్టు ఉంటుంది. నిజానికి వచ్చింది ఒకే చోటి నుంచి కావచ్చు. వాట్సాప్‌లో జంట బాణం గుర్తు పడిందంటే ఆ సందేశం కనీసం ఐదు చేతులు మారి వచ్చిందని అర్థం. ఎవరు మొదలుపెట్టారో ఆ గుర్తు చెప్పదు. నిప్పు లేనిదే పొగ రాదని పెద్దలు అన్నది ఊరి మాట ఊళ్లోనే తిరిగే కాలంలో. ఇప్పుడు పొగను మాత్రమే తయారుచేసి పంపే ఏర్పాట్లున్నాయి.

అబద్ధం వేగం ఎంతో కూడా లెక్క కట్టారు. ఎంఐటీకి చెందిన వొసోఘీ, రాయ్, అరల్ 2006 నుంచి 2017 వరకు ట్విటర్‌లో తిరిగిన దాదాపు 1,26,000 వార్తల ప్రయాణాన్ని పరిశీలించి, 2018లో 'సైన్స్' పత్రికలో ప్రచురించారు. 1,500 మందికి చేరడానికి నిజానికి పట్టిన సమయం అబద్ధానికి పట్టినదానికి సుమారు ఆరు రెట్లు. యంత్ర ఖాతాలను లెక్కలోంచి తీసేసినా ఫలితం మారలేదు. మోసింది మనుషులే. తప్పు వార్తల్లో కొత్తదనం ఎక్కువ, అవి ఆశ్చర్యాన్నీ ఏవగింపునూ రేపాయి. ఒక సందేశం చదవగానే రక్తం మరిగితే ఆ క్షణంలో దాన్ని ఎవరికీ పంపకుండా ఉండటమే మొదటి జాగ్రత్త అని నేను గట్టిగా నమ్ముతాను. కోపం తప్పని కాదు. ఆ సందేశం రాసినవారు కోరుకున్నది ఆ కోపాన్నే కావచ్చు.

కత్తెర పని

2017 నవంబరులో గుజరాత్‌లోని పాటన్‌లో రాహుల్ గాంధీ ప్రసంగించారు. ఒకవైపు బంగాళాదుంప వేస్తే మరోవైపు బంగారం వచ్చే యంత్రం పెడతానని మోదీ చెప్పారంటూ ఆయన ప్రత్యర్థిని విమర్శించారు. ఆ మాటలు మోదీవని చెప్పిన ముక్కను తీసేసి, యంత్రం ముక్కను మాత్రమే ఉంచిన వీడియో ఏళ్ల తరబడి తిరిగింది. రాహులే ఆ హామీ ఇచ్చారని నమ్మినవారు ఈనాటికీ ఉన్నారు.

2023 ఏప్రిల్‌లో చేవెళ్ల సభలో అమిత్ షా మాట్లాడారు. తెలంగాణలో తమ ప్రభుత్వం వస్తే ముస్లిం రిజర్వేషన్లు రద్దు చేస్తామన్నారు. ఏడాది తర్వాత, సరిగ్గా లోక్‌సభ ఎన్నికల మధ్యలో, ఎస్సీ, ఎస్టీ, బీసీల రిజర్వేషన్లనే రద్దు చేస్తామని ఆయన అన్నట్టు మార్చిన వీడియో వచ్చింది. దానిమీద ఢిల్లీ పోలీసులు కేసు పెట్టారు.

ఆ ఇద్దరి రాజకీయాలతో మీకు ఎంత పేచీ అయినా ఉండొచ్చు. వాళ్లు అన్నదానిమీద పోట్లాడండి. అననిదాన్ని అన్నట్టు నమ్మి ఓటు వేస్తే ఆ ఓటు మీది కాదు, కత్తెర పట్టుకున్నవాడిది. నాయకుడి మీద మనకున్న అయిష్టం ఈ కత్తెరకు పదును. మనకు నచ్చనివాడి నోటినుంచి ఘోరమైన మాట వస్తే "వాడు అనేవాడే" అనుకుంటాం, వెతకం.

ఇదే కత్తెర ప్రాణాలు కూడా తీసింది. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకారు తెలుగు జిల్లాల్లోనూ పాకింది. దానితోపాటు తిరిగిన ఒక వీడియోలో బైకు మీద వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకుంటున్న పిల్లవాణ్ణి ఎత్తుకుపోతారు. అది కరాచీలో ఒక స్వచ్ఛంద సంస్థ తీయించిన అవగాహన చిత్రం. చివర్లో ఆ బైకు మనుషులు వెనక్కి వచ్చి పిల్లవాణ్ణి దించి, పిల్లలు జాగ్రత్త అని హెచ్చరించే కాగితం చూపిస్తారు. ఆ చివరి సెకన్లు కోసేశారు. ఆ ఏడాది జులైలో బీదర్ జిల్లాలో, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లన్న అనుమానంతో గుంపు కొట్టిన దెబ్బలకు హైదరాబాద్ ఇంజనీరు ఒకరు చనిపోయారు.

అప్పట్లో జోగుళాంబ గద్వాల జిల్లాలో జరిగిన పని తెలుగువాళ్లంతా తెలుసుకోదగినది. ఎండాకాలంలో ఆరుబయట పడుకునే జనం తలుపులు వేసుకుని లోపల పడుకుంటున్నారని కానిస్టేబుళ్లు గమనించి పై అధికారులకు చెప్పారు. ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఒక్కో ఊరికి ఒక్కో పోలీసును అప్పగించారు. వాళ్లు ఊరి వాట్సాప్ గ్రూపుల్లో చేరారు. జానపద కళాకారులు డప్పుతో, పాటతో పుకారు సంగతి ఊరూరా చెప్పారు. ఊరికి తెలిసిన మనిషి, ఊరి భాషలో, ఊరి మధ్య నిలబడి చెప్పాడు కాబట్టి ఆ మాట నిలబడింది.

ఇప్పుడు కత్తెర అక్కర్లేకుండా గొంతునే తయారుచేస్తున్నారు. 2023 సెప్టెంబరు 30న స్లొవేకియాలో పోలింగ్. దానికి రెండు రోజుల ముందు, ప్రచారం ఆపేయాల్సిన గడువులో, ఒక ప్రధాన పార్టీ నేత మిఖాల్ షిమేచ్కా ఎన్నికల్లో అక్రమాల గురించి ఒక విలేఖరితో మాట్లాడుతున్నట్టు నకిలీ ఆడియో వచ్చింది. అదే ఏడాది నవంబరు 30న, తెలంగాణ ఓటర్లు క్యూల్లో నిలబడుతున్న ఉదయం, అప్పటి పాలక పార్టీ నేత కేటీఆర్ తన ప్రత్యర్థి పార్టీకే ఓటేయమంటున్నట్టు ఏడు సెకన్ల వీడియో తిరిగింది. ఈ రెండింటిలోనూ నన్ను ఎక్కువ భయపెట్టేది సాంకేతికత కాదు, సమయం. ఖండన బయటికి వచ్చేలోపు పోలింగ్ అయిపోతుంది. మన ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 126వ సెక్షన్ ప్రకారం పోలింగ్ ముగియడానికి ముందు 48 గంటలు ప్రచారం నిషిద్ధం. ఆ 48 గంటల్లో తొలిసారి వినబడిన సంచలనాన్ని ఓటు నిర్ణయానికి లెక్కలోకి తీసుకోకండి. అది నిజమైతే తర్వాత కూడా నిజంగానే ఉంటుంది.

పెదవుల కదలిక చూడండి, కళ్లార్పడం చూడండి, వేళ్లు లెక్కపెట్టండి అని నకిలీ వీడియోల మీద చిట్కాలు చెప్పేవారున్నారు. వాటిమీద ఆధారపడొద్దు. పనిముట్లు నెలనెలా మెరుగవుతున్నాయి, కంటి పరీక్ష ఈ ఏడాది పనిచేసి వచ్చే ఏడాది ఓడిపోతుంది. ఇంకో ప్రమాదమూ ఉంది. నకిలీ సాధ్యమని అందరికీ తెలిశాక, దొరికిపోయిన నాయకుడు నిజమైన వీడియోను కూడా డీప్‌ఫేక్ అని కొట్టిపారేయవచ్చు. న్యాయశాస్త్ర ఆచార్యులు రాబర్ట్ చెస్నీ, డానియెల్ సిట్రన్ దీన్ని అబద్ధాలకోరుకు దక్కే లాభం అన్నారు. ఏదీ నమ్మని ఓటరు కూడా, అన్నీ నమ్మే ఓటరంత తేలిగ్గా మోసపోతాడు.

పక్కకు వెళ్లి చూడటం

మరి దేన్ని పట్టుకోవాలి? శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ అనే స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు పదిమంది చరిత్రకారుల్ని, పదిమంది వృత్తి ఫ్యాక్ట్‌చెకర్లను, 25 మంది స్టాన్‌ఫర్డ్ విద్యార్థుల్ని కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టారు. అమెరికాలో పిల్లల డాక్టర్లకు రెండు సంఘాలున్నాయి. ఒకటి 1930లో పుట్టిన పెద్ద వృత్తి సంఘం. రెండోది 2002లో దానితో విభేదించి విడిపోయిన చిన్న గుంపు. పేర్లు దాదాపు ఒకటే, రెండు వెబ్‌సైట్లూ పద్ధతిగానే ఉంటాయి. ఏది నమ్మదగినదని అడిగితే విద్యార్థుల్లో సగానికి పైగా చిన్న గుంపు వైపే మొగ్గారు. డాక్టరేట్లున్న చరిత్రకారుల్లోనూ కొందరు తేల్చుకోలేకపోయారు. వాళ్లంతా ఆ పేజీని శ్రద్ధగా, పైనుంచి కిందికి చదివారు. లోగో చూశారు, భాష చూశారు, అడుగున ఇచ్చిన ఆధారాలు చూశారు. ఫ్యాక్ట్‌చెకర్లు పేజీ తెరవగానే దాన్ని వదిలేశారు. పక్కనే ఇంకో ట్యాబు తెరిచి, ఈ సంఘం గురించి ఇతరులు ఏమంటున్నారని వెతికారు. నిమిషాల్లో సంగతి తేలిపోయింది.

శ్రద్ధగా చదవడం మంచి అలవాటని చిన్నప్పటినుంచీ నేర్చుకున్నాం. మోసం చేయడానికే తయారైన పేజీ విషయంలో ఆ శ్రద్ధే మనల్ని దాని చేతిలో పెడుతుంది. 2018 కర్ణాటక ఎన్నికల ముందు బీబీసీ సర్వే పేరుతో ఒక సందేశం తిరిగింది. కింద లింకు కూడా ఉంది. లింకు నొక్కితే నిజంగానే బీబీసీ సైట్ తెరుచుకునేది, కానీ అది మొదటి పేజీ మాత్రమే. సర్వే అక్కడ లేదు. అది తమది కాదని బీబీసీ ప్రకటించింది. లింకు ఉందని నమ్మినవారు లక్షలమంది అయితే, నొక్కి లోపల వెతికినవారు ఎందరుంటారు?

కాబట్టి ఒక క్లిప్పు వస్తే అది ఏ సభలోదో, ఏ తేదీదో వెతకండి. సభలో దృశ్యాన్ని స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో పెడితే చాలాసార్లు పూర్తి ప్రసంగం దొరుకుతుంది. చేవెళ్ల క్లిప్పు గుట్టు అలాగే బయటపడుతుంది, పూర్తి వీడియోలో ముందు వెనక మాటలు వినిపిస్తాయి. మీకు తీరిక లేకపోతే తెలుగులోనే ఈ పని చేసిపెట్టే సంస్థలున్నాయి, హైదరాబాద్‌లోని ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ లాంటివి. ఎన్నికల సంఘం కూడా 2024 ఏప్రిల్‌లో 'మిత్ వర్సెస్ రియాలిటీ' పేరుతో ఒక రిజిస్టరు తెరిచింది. అయితే ఏ ఫ్యాక్ట్‌చెక్ అయినా తీర్పు చెప్పి ఊరుకోకూడదు, తాను ఏ కాగితం చూసి ఆ తీర్పు చెప్పిందో చూపించాలి. చూపించనిదాన్ని నమ్మొద్దు, అది ప్రభుత్వానిదైనా సరే. తన గురించిన వార్తల్లో ఏది నకిలీయో తేల్చే అధికారాన్ని కేంద్రం సొంత విభాగానికి ఇచ్చుకుంటూ 2023లో తెచ్చిన నిబంధనను బొంబాయి హైకోర్టు 2024 సెప్టెంబరులో కొట్టేసింది. నా మటుకు నాకు అది సరైన తీర్పు.

కాగితం ఎక్కడుంది

మనలో చాలామంది అబద్ధాన్ని పట్టుకోవడం గురించి మాట్లాడినంతగా నిజం దొరికే చోటు గురించి మాట్లాడుకోం. ఆ చోట్లు ఓటరుకు ముందే తెలిసి ఉండాలి. అవి ఊరికే వచ్చినవి కావు, కొట్లాడి తెచ్చుకున్నవి.

అహ్మదాబాద్ ఐఐఎం ఆచార్యులు కొందరు ఏడీఆర్ అనే సంస్థగా ఏర్పడి 1999లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. అభ్యర్థి మీద ఉన్న కేసులు, ఆస్తులు ఓటరుకు తెలియాలన్నది వారి వాదన. 2002 మే 2న సుప్రీంకోర్టు అవునంది. ఓటరు తెలుసుకునే హక్కు భావప్రకటనా స్వేచ్ఛలో భాగమంది. పార్టీలు ఏకమై చట్టం మార్చి ఆ తీర్పును నీరుగార్చబోయాయి. 2003 మార్చిలో కోర్టు ఆ సవరణనూ కొట్టేసింది. అప్పటినుంచి ప్రతి అభ్యర్థీ ఈ వివరాలతో అఫిడవిట్ ఇవ్వాలి, ఇప్పుడది ఫారం 26. గడులు ఖాళీగా వదలకూడదని 2013లో ఇంకో తీర్పు వచ్చింది. ఇప్పుడు ఈ అఫిడవిట్లన్నీ ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంటాయి. ఏడీఆర్ నడిపే మైనేత సైట్‌లో పాత ఎన్నికలవీ దొరుకుతాయి.

అఫిడవిట్ చదవడానికి కాస్త ఓర్పు కావాలి. కేసుల సంఖ్య చూసి ఆగిపోకండి, సెక్షన్లు చూడండి. ధర్నాలో కూర్చున్నందుకు పడిన కేసు, హత్యాయత్నం కేసు ఒకే వరుసలో రెండంటే రెండుగా కనిపిస్తాయి. ఏ చట్టం కింద అన్నదీ చూడాలి. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. పాత ఐపీసీలో 302 అంటే హత్య. కొత్త సంహితలో హత్యకు శిక్ష 103లో ఉంది, 302 మత మనోభావాలను గాయపరిచే మాటలకు సంబంధించినది. అంకె మాత్రమే చూపించి భయపెట్టే పోస్టరు రేపు రావచ్చు. ఆస్తుల విషయంలో ఈసారి మొత్తం కంటే, ఇదే మనిషి ఐదేళ్ల కిందట చెప్పినదానితో పోలిక ఎక్కువ చెబుతుంది. భూమి విలువ పెరిగిందా, కొత్త భూమి చేరిందా అన్నది విడివిడిగా కనిపిస్తుంది. ఇదంతా అభ్యర్థి సొంతంగా ప్రమాణం చేసి చెప్పినదేనని, ఎవరో తనిఖీ చేసి ముద్ర వేసినది కాదని గుర్తుంచుకోవాలి. తప్పు చెబితే ఆరు నెలల దాకా జైలు శిక్ష పడవచ్చని చట్టంలో ఉంది.

ఓటరుగా మీ పేరు, బూత్ వివరాలకు ఎన్నికల సంఘం ఓటర్ల సేవా పోర్టల్, 1950 నంబరు, మీ బూత్ స్థాయి అధికారి (బీఎల్వో) ఉన్నారు. కొత్తగా చేరడానికి ఫారం 6, మార్పులకు ఫారం 8. విదేశాల్లో ఉన్న మనవాళ్లకు ఒక మాట. డల్లాస్ నుంచో మెల్‌బోర్న్ నుంచో ఆన్‌లైన్‌లో ఓటేయొచ్చని 2019లో వచ్చిన ప్రచారం అబద్ధం, దానిమీద ఎన్నికల సంఘం పోలీసులకు ఫిర్యాదు కూడా చేసింది. భారత పౌరసత్వం వదలని ప్రవాసులు ఫారం 6ఏతో పేరు నమోదు చేసుకోవచ్చు. ఓటు మాత్రం పాస్‌పోర్టు పట్టుకుని సొంత ఊరి బూత్‌కి వచ్చి వేయాల్సిందే.

ఇక పాలన గురించిన మాటలు. ఎంత ఖర్చు పెట్టాం, ఎంత అప్పు చేశారు అన్న అంకెల యుద్ధంలో రెండు పక్షాలూ రెండు వేరు అంకెలు చెప్పి, రెండూ సాంకేతికంగా సరైనవే కావచ్చు. ఒకరు ప్రభుత్వం నేరుగా తీసుకున్న అప్పే చెబుతారు, ఇంకొకరు కార్పొరేషన్లకు ఇచ్చిన గ్యారంటీలూ బకాయిలూ కలిపి చెబుతారు. అంకె ఎంత అని అడిగే ముందు అందులో ఏం కలిపారని అడగాలి. బడ్జెట్ పత్రాలు, కాగ్ నివేదికలు అందరికీ అందుబాటులో ఉన్నాయి. లేనిదాన్ని పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఇవన్నీ చదువుకున్నవాళ్ల పనులని అనిపిస్తే, ఉపాధి హామీ పథకాన్ని తలచుకోండి. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆ పథకం మొదలైంది. అదే ఏడాది నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీ నడిచింది. శిక్షణ పొందిన పల్లె యువకులు మస్టర్లు చేతపట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. ఫలానా తేదీల్లో పనికి వెళ్లావా, కూలి ఎంత అందిందని అడిగి రాసుకున్నారు. తర్వాత ఊరి సభలో, అధికారుల ముందు, ఆ రికార్డును బిగ్గరగా చదివారు. అక్షరం రాని కూలి మనిషి కూడా లేచి "నేను ఆ రోజు పనికి పోలేదయ్యా, నా పేరెట్లా వచ్చింది?" అని అడిగే వీలు వచ్చింది. కాగితంలో ఉన్నదాన్ని మనిషికి తెలిసినదానితో కలిపి చూడటం అంటే అదే. ఓటరు చేయాల్సిన పనికి అంతకంటే మంచి తర్ఫీదు నాకు తెలియదు.

ఒక్క గంట చాలదు

2019 ఎన్నికల సమయంలో సుమిత్ర బద్రీనాథన్ బిహార్‌లో 1,224 మందితో ఒక ప్రయోగం చేశారు. కొందరికి ఇంటికి వెళ్లి గంటసేపు నకిలీ వార్తల్ని గుర్తించే పద్ధతులు నేర్పారు. ఎన్నికలయ్యాక పరీక్షిస్తే, మొత్తం మీద నేర్చుకున్నవారికీ నేర్చుకోనివారికీ తేడా కనిపించలేదు. కొందరు పార్టీ అభిమానుల్లో, తమ పార్టీకి అనుకూలమైన అబద్ధాన్ని గుర్తించే శక్తి శిక్షణ తర్వాత తగ్గింది కూడా. పెద్దవాళ్ల మనసులో పార్టీ అభిమానం వేళ్లూనుకున్నాక గంట పాఠం దాన్ని కదిలించలేదు. ఈ అధ్యాయం చదివినంత మాత్రాన ఏదో అయిపోతుందని నేను అనుకోను.

ఆమె అక్కడితో ఆగలేదు. సహచరులతో కలిసి అదే బిహార్‌లో 583 గ్రామాల్లో, 13 వేలమందికి పైగా విద్యార్థులతో మరో ప్రయోగం చేశారు. ఈసారి గంట కాదు, నెలల తరబడి తరగతులు. ప్రభుత్వ గ్రంథాలయాల్లో, ఉపాధ్యాయుల చేత పాఠాలు, ఇంటిపని కూడా. పిల్లలు నిజాన్నీ అబద్ధాన్నీ వేరుచేయడంలో మెరుగయ్యారు. నాలుగు నెలల తర్వాత కూడా ఆ మెరుగుదల నిలిచింది. వాళ్ల తల్లిదండ్రులు తరగతికి రాకపోయినా వారిలోనూ కొంత కనిపించింది. డబ్బున్న రాష్ట్రం కాదది, అక్షరాస్యతలో ముందున్న రాష్ట్రమూ కాదు. అక్కడ జరిగినది ఇక్కడ జరగకపోవడానికి కారణం లేదు.

ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు, రెండు తెలుగు రాష్ట్రాల పాఠ్యపుస్తకాలు తయారుచేసే పెద్దలకు నా విన్నపం ఒకటే. ఎనిమిదో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా వారానికి ఒక్క పీరియడ్ దీనికి కేటాయించండి. ఒక అఫిడవిట్, ఒక ఫార్వర్డ్, ఒక పంచాయతీ లెక్క పిల్లల ముందు పెట్టి, వాళ్లనే వెతకనివ్వండి. పద్దెనిమిదేళ్లు నిండి తొలి ఓటు వేసే రోజుకు వాళ్ల చేతిలో ఐదేళ్ల అభ్యాసం ఉండాలి.